ఆర్చి తర్వాత, ముందు కుళాయి
నర్సీపట్నం మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

కమిషనర్లు వస్తుంటారు, బదిలీ మీద వెళ్తుంటారు. అందుకే ఈ ఉత్తరం ఏ ఒక్క అధికారి పేరునా కాకుండా ఆ కుర్చీకి రాస్తున్నాను. విషయం తిండి. ఇంటి వంటతో మున్సిపాలిటీకి పని లేదు గానీ, బజారు తిండి మాత్రం మొదలూ చివరా మీ చేతుల మీదుగానే నడుస్తుంది. నీళ్ళు మీవి, కాలవ మీది, రోడ్డు పక్క జాగా మీది, ట్రేడ్ లైసెన్సు మీది. రాత్రి బండ్లు కట్టేశాక మిగిలిన ఎంగిలాకులు ఎత్తేదీ మీ పారిశుద్ధ్య కార్మికులే.

మన ఊళ్ళో హోటళ్ళు పెరుగుతున్నాయి. ఒకప్పుడు ఏజెన్సీ నుంచి ఆసుపత్రికో, కోర్టుకో, ఆర్డీవో ఆఫీసుకో వచ్చినవాళ్ళు పని ముగించుకుని, బస్సు కాంప్లెక్సు దగ్గర ఇంత అన్నం తిని చింతపల్లి బస్సెక్కేవారు. ఊరివాళ్ళు హోటల్లో తినడం అంటే ఆదివారం పొద్దున పూరీ, జ్వరం వస్తే ఇడ్లీ పార్సిలు. ఇప్పుడు ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లు వచ్చాయి, నలుగురూ చుట్టూ కూర్చుని తినే మండీ పళ్ళేలు వచ్చాయి, సాయంత్రమైతే చికెన్ పకోడీ బండి, నూడిల్స్ బండి, షవర్మా బండి వరసకట్టి నిలబడుతున్నాయి. వండుకోవడానికి తీరిక లేని ఉద్యోగుల ఇళ్ళకి కర్రీ పాయింటే వంటగది అయింది. ఇదంతా నాకు సంతోషమే. ఊళ్ళో నాలుగు పొయ్యిలు ఎక్కువ వెలిగితే నలభై మందికి పని దొరుకుతుంది.

దీనికి సగం కారణం లంబసింగి. చలికాలంలో అక్కడ సున్నా దగ్గరికి దిగుతుందని టీవీల్లో చూసిన దగ్గర్నుంచీ విశాఖ, కాకినాడ, రాజమండ్రి కుర్రాళ్ళు శనివారం రాత్రి బైకుల మీద బయల్దేరి, తెల్లారేసరికి చెరువులవేనం మంచులో ఉండాలని పరుగులు తీస్తున్నారు. రైలు వాళ్ళని దింపేది ఎక్కడో దూరాన ఉన్న నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో. ఊరి పేరు పెట్టుకున్నదే గానీ అది ఊళ్ళోది కాదు. కాబట్టి వచ్చేవాళ్ళంతా రోడ్డు మీదే వస్తారు. ఘాట్ ఎక్కే ముందు ఆగి ఒక టీ తాగాలన్నా, దిగొచ్చాక ఆకలి తీర్చుకోవాలన్నా మన ఊరే. తాజంగి, సీలేరు వెళ్ళేవాళ్ళదీ ఇదే దారి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కొండంతా పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది, కొండ కింది ఊరైన మనం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాం. పర్యాటకం మీద మీటింగులు పాడేరులో జరుగుతాయి, ఆ పర్యాటకుల ట్రాఫిక్కు, ఆకలి, చెత్త మాత్రం మన మీద పడతాయి. ఈ బరువు మోసేది ఎవరో ఒకసారి చూడండి.

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకి బయటికి రండి. హోటళ్ళ షట్టర్లు ఇంకా లేవవు. టిఫిన్ బండి దగ్గర మాత్రం పెట్రోమాక్స్ పోయి వచ్చిన ఎల్‌ఈడీ బల్బు వెలుగుతూ ఉంటుంది. పెద్దావిడ పెనం మీద నీళ్ళు చిలకరించి, చీపురుతో ఒక్క విసురు విసిరి, గరిటెడు పిండి పోసి తిప్పుతుంది. ఒక అట్టు తిరగేసేలోపు పక్క పొయ్యి మీద టీ పొంగుతుంది. కొడుకో, కోడలో చట్నీ వడ్డిస్తూ చిల్లర లెక్క చూస్తారు. స్వెటర్ల కుర్రాళ్ళు 'పిన్నీ, ఇంకో రెండు' అంటూంటారు. పక్కన నీలం రంగు డ్రమ్ములో నీళ్ళు. అవి ఎక్కడివని అడిగాను. 'ఎక్కడివేటి బాబూ, బోరు కాడ బతిమాలుకొని తెచ్చినవే. పిండి రుబ్బుడం కంటే నీలు మొయ్యడానికే పానం పోతాది' అంది. ప్లేట్లు రెండు బకెట్లలో ముంచి తీయడం చూసి మొహం చిట్లించే వాళ్ళం మనం. మూడో బకెట్టు పెట్టడానికి ఆమెకి నీళ్ళేవి?

పెద్ద హోటళ్ళ కథ ఇంకోలా ఉంటుంది. బయట బోర్డు మీద యజమాని ఇంటిపేరు ఉంటుంది, లోపల గుండిగ దగ్గర నిలబడేది మాస్టరు. బిర్యానీ మాస్టరు వేరు, తందూరీ మాస్టరు వేరు, చైనీస్ మాస్టరు వేరు. వీళ్ళలో హైదరాబాదు హోటళ్ళలో ప్లేట్లు కడగడంతో మొదలుపెట్టి, ఉల్లిపాయలు తరిగి, చివరికి గరిటె పట్టి ఊరికి తిరిగొచ్చిన వాళ్ళున్నారు. ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో వచ్చి మేడ మీద గదిలో ఆరుగురు కలిసి ఉండేవాళ్ళూ ఉన్నారు. మాస్టరు పక్క ఊరికి వెళ్ళిపోతే ఆ హోటల్ రుచి కూడా బస్సెక్కి వెళ్ళిపోతుంది. యజమాని నాలుగు రాళ్ళు ఎక్కువిచ్చి ఇంకొకరిని తెచ్చుకునేలోపు గిరాకీ పలచబడుతుంది. ఈ రంగం నిలిచేదీ కూలేదీ ఈ చేతుల మీదే.

ఒక పాత సంగతి కూడా గుర్తుచేస్తాను. మనవాళ్ళు సెల్ఫీలు తీసుకుంటూ ఎక్కే ఆ ఘాట్ దారి ఊరికే రాలేదు. బ్రిటిష్ కాలంలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా గూడెం కొండలకి రోడ్డు వేయించినప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం మనుషుల చేత చాకిరీ చేయించుకుని న్యాయమైన కూలి ఇవ్వలేదు. అడవి మీద ఆంక్షలకి ఈ కూలి దోపిడీ తోడై, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసేదాకా వచ్చింది. ఆ పోరాటంలోనే సెప్టెంబరులో దామనపల్లి దగ్గర చనిపోయిన బ్రిటిష్ అధికారులు కవార్డ్, హైటర్‌ల సమాధులు మన ఊళ్ళోనే ఉన్నాయి. రోడ్డు మీద లాభం ఒకరికి, రోడ్డు వేసిన వాళ్ళకి ఎగనామం అనేది ఈ దారికి పుట్టుకతో వచ్చిన జబ్బు. వందేళ్ళ తర్వాత అదే దారి మీద తిండి వ్యాపారం నడుస్తున్నప్పుడు, లెక్క ఈసారి సరిగ్గా ఉందా లేదా అని మనం అడగాలి కదా.

కొండ మీది నుంచి మన పళ్ళెంలోకి ఏం దిగుతోందో చూడండి. బొంగు చికెన్ ఇప్పుడు అందరికీ తెలుసు. పచ్చి వెదురు బొంగుని ఒక కణుపు అడుగున ఉండేలా నరుకుతారు. ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతి ఆకుతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె ఉండదు, చుక్క నీరు పొయ్యరు. ముక్కలో నీరు, వెదురులో తడి కలిసి ఉడుకుతుంది. బొంగు బయట నల్లగా మాడుతుంది, చీల్చి పోస్తే లోపలి ముక్క మెత్తగా, వెదురు వాసనతో ఉంటుంది. అదే పేరుతో కొన్ని చోట్ల కూర విడిగా మూకుట్లో వండేసి, కాల్చిన బొంగులో పోసి తెచ్చిపెడతారు. ధర మాత్రం తగ్గదు. తినేవాడికి తేడా తెలియకపోవచ్చు, తెల్లారగట్ల అడివికెళ్ళి వెదురు కొట్టి తెచ్చినవాడికి తెలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాని మీద హక్కు అడవిలో బతికే గిరిజనులకి, ఇతర సంప్రదాయ వనవాసులకి ఇచ్చింది. ఆ హక్కుకి మన హోటళ్ళలో ఎంత ధర పలుకుతోంది?

బొంగు చికెన్ దాటితే మన మెనూలో కొండ కనపడదు. చింతపల్లి రాజ్‌మా దేశమంతా వెళ్తుంది, మన హోటల్లో అడిగితే సర్వరు నవ్వుతాడు. చోడి అంబలి తాగి పెరిగిన ఊరు మనది, ఇప్పుడు 'రాగి మాల్ట్' అని గ్లాసులో పోసిస్తే తప్ప మర్యాదగా అనిపించడం లేదు. వేసవిలో జీడితోటల్లో పచ్చి జీడిపప్పు దిగుతుంది. ఆ కూర కోసం విశాఖ నుంచి మనుషులు రావాలి నిజానికి. వానాకాలం వెదురు కొమ్ములు, ఆగాకర, చలికాలం ఆవ పెట్టిన కంద, పనసపొట్టు, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, ఇవన్నీ ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. కాఫీ సంగతి మరీ చోద్యం. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనే అరకు కాఫీ స్టాళ్ళు తెరిచారు. మన్యం కాఫీ గింజని గిట్టుబాటు ధరకి కొనడానికి, 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది. ఆ కాఫీ పండే చింతపల్లి కొండ దిగగానే తగిలే మొదటి పెద్ద ఊరు మనది. ఢిల్లీలో ఎంపీలు తాగే కాఫీ నర్సీపట్నం టీ దుకాణంలో ఎందుకు దొరకదు?

పేరు తెచ్చుకోవడం పెద్ద ఊళ్ళకే సాధ్యం అనుకోనక్కర్లేదు. మాడుగుల మనకి పొరుగే. పెద్ద ఊరేం కాదు. దంగేటి ధర్మారావు కుటుంబం 1890ల నాటి నుంచీ అక్కడ హల్వా చేస్తోంది. గోధుమలు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలని పులియనిచ్చి, పంచదార పాకంలో నెయ్యి పోస్తూ గంటల తరబడి కలిపితే తయారయ్యే పదార్థం అది. ఒక ఇంటివాళ్ళు ఒక పద్ధతిని పట్టుకుని వదలకపోతే ఊరి పేరే పదార్థం పేరు అయింది. అనకాపల్లి అంటే బెల్లం, మాడుగుల అంటే హల్వా, లంబసింగి అంటే బొంగు చికెన్. ఈ మూడింటి మధ్యా ఉన్న నర్సీపట్నం అంటే ఏమిటి? బైపాసు మాత్రమే కాకూడదనే నా బాధ.

ఇక పనిలోకి వస్తాను. ఈ ఊరి తిండి మీద ఎప్పుడో ఒకరోజు 'ఫుడ్ స్ట్రీట్' అనే ఫైలు మీ బల్ల మీదికి వస్తుంది. చాలా ఊళ్ళలో వస్తోంది. దానితో పాటు ఒక ఆర్చి, రంగు లైట్లు, ఒకే రంగు వేసిన కియోస్కులు, వేలంపాట వస్తాయి. వేలంలో పాడగలిగేది ఎవరో మీకు తెలుసు. మూడున్నరకే అట్లు పోసే పెద్దావిడ పాడలేదు. కాబట్టి ఆ ఫైలు కంటే ముందు కొన్ని చిన్న పనులు చేయమని అడుగుతున్నాను. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు.

మొదటిది, లెక్క. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలోనూ టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షులు కమిషనరుగా మీరే. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, వాళ్ళు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి. అందులో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. అయిదేళ్ళకోసారి సర్వే చేసి, గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. ఆ పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని కూడా చట్టమే చెబుతోంది. ఆ కమిటీ మీటింగు ఎప్పుడు జరుగుతుందో, ఎవరు సభ్యులో ఆఫీసు బోర్డు మీద అతికించండి చాలు, సగం గొడవలు తీరతాయి. బండివాడు భయపడేది వానకీ ఎండకీ కాదు, 'రేపు తీసెయ్' అనే మాటకి.

రెండోది, నీళ్ళు. బండ్లు గుమిగూడే ప్రతి చోటా ఒక కుళాయి, దాని కింద నాపరాయి గట్టు, మురుగు కాలవలోకి పోయే ముందు జిడ్డుని ఆపే ఒక గుంట. ఇంతే. అట్టు మంచిదో కాదో పెనం చెబుతుంది, ప్లేటు శుభ్రమో కాదో కుళాయి చెబుతుంది. 2018లో దేశంలో మొట్టమొదటి 'క్లీన్ స్ట్రీట్ ఫుడ్ హబ్'గా గుర్తింపు పొందిన అహ్మదాబాద్ కాంకరియా చెరువు గట్టున కూడా బోర్డు చివర్లోనే పెట్టారు. ముందు తనిఖీ చేసి లోపాలు చూశారు, నీళ్ళు, చెత్త, వెలుతురు సరిచేశారు, బండ్లవాళ్ళకి శిక్షణ ఇచ్చారు, మళ్ళీ తనిఖీ చేశారు. మన ఊరు కూడా అదే వరస పాటించాలి.

మూడోది, కాగితాలు. చిన్న తిండి వ్యాపారానికి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను ఖర్చు పెద్దదేమీ కాదు. కానీ ఆన్‌లైన్లో అది పెట్టించుకోవడానికి సెంటర్లో అంతకంటే ఎక్కువ ఇచ్చుకోవాల్సి వస్తుంది, ఒక పూట పని పోతుంది. వార్డు సచివాలయంలో ఒక వారం మధ్యాహ్నం పూట, అంటే బండ్లకి గిరాకీ లేని వేళ, శిబిరం పెట్టించండి. అదే బల్ల దగ్గర వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి అప్పు దరఖాస్తు కూడా తీసుకోవచ్చు. 2020లో 10,000 రూపాయల మొదటి విడతతో మొదలైన ఆ పథకంలో ఇప్పుడు మొదటి విడతే 15,000. గడువు 2030 మార్చి దాకా పొడిగించారు. రోజువారీ వడ్డీకి తెచ్చి, సాయంత్రానికి తిరిగి కట్టే వాళ్ళకి ఆ డబ్బు విలువ ఏమిటో బ్యాంకు వాళ్ళకంటే మీ వార్డు సిబ్బందికే ఎక్కువ తెలుసు.

నాలుగోది, వాడేసిన నూనె. దీని గురించి ఎవరూ మాట్లాడరు. 2018 జులై 1 నుంచి ఒక పరిమితి ఉంది, మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకి వాడకూడదు. రోజుకి 50 లీటర్ల పైన వాడే వంటశాలలు లెక్క రాయాలి, మిగిలింది బయోడీజిల్ తయారీకి వెళ్ళే ఏజెన్సీలకి ఇవ్వాలి. లేకపోతే పెద్ద వంటశాల వదిలేసిన నల్లనూనె చవగ్గా చిన్న బండి మూకుట్లోకి చేరుతుంది, జబ్బు చేస్తే పేరు బండివాడిది అవుతుంది. తనిఖీ చిన్న బండి దగ్గర మొదలుపెట్టకండి. ఆ నూనె ఎక్కడ పుడుతోందో అక్కడ మొదలుపెట్టండి.

అయిదోది, ఆకు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. నిషేధం వచ్చాక వాటి చోట ప్లాస్టిక్ పూత వేసిన కాగితం ప్లేట్లు దిగాయి, తేడా పెద్దగా లేదు. మన కొండల్లో అడ్డాకు తీగలున్నాయి. ఆడవాళ్ళు ఆకు కోసుకొచ్చి, ఈనెలతో కుట్టి, సంతలో కట్టలుగా అమ్ముకుంటారు. వేడి అన్నం అందులో పడగానే వచ్చే వాసన మన పెళ్ళిళ్ళకి, సంతర్పణలకి వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. గిరిజన సహకార సంస్థతోనో, మహిళా సంఘాలతోనో మాట్లాడి ఊళ్ళో ఒక చోట అడ్డాకు విస్తర్ల డిపో పెట్టించండి. ధరలో తేడా ఉంటే ట్రేడ్ లైసెన్సు రుసుములో కొంత రాయితీ ఇవ్వండి. కొండ మీద కూలి పడుతుంది, కింద మీ చెత్త బండి తేలికవుతుంది.

'రోడ్డు ఇరుకు, ఆ బండ్ల వల్లే ట్రాఫిక్ ఆగిపోతోంది' అని మీకు రోజూ ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, కొంత ఇబ్బంది ఉంది. కానీ శనివారం రాత్రి రోడ్డు మూసేసేది తోపుడు బండ్లు కాదు, టీ తాగడానికి నడిరోడ్డు మీద ఆపేసిన కార్లు. కార్లు ఆపుకోవడానికి ఘాట్ దారి మొదట్లో ఒక ఖాళీ జాగా చూపిస్తే, బండ్లు వాటి దగ్గరికే నడిచి వెళ్తాయి. తినేవాడు ఎక్కడ ఆగితే వ్యాపారం అక్కడికి పోతుంది, దానికి లాఠీ అక్కర్లేదు. ఒకవేళ ఎవరినైనా కదపక తప్పకపోతే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వమని చట్టం చెబుతోంది, ఆ గడువు మాత్రం పూర్తిగా ఇవ్వండి.

హోటల్ యజమానులకి కూడా ఈ ఉత్తరంలోనే ఒక మాట. మీరు లక్షలు పెట్టి ఏసీలు బిగించారు, అప్పులు చేసి అద్దాలు పెట్టారు, ఆ కష్టం తెలియనివాణ్ణి కాను. కానీ విశాఖలో దొరికే మెనూనే ఇక్కడా పెడితే, విశాఖ నుంచి వచ్చినవాడు మన ఊళ్ళో ఎందుకు ఆగాలి? వారానికి ఒకరోజు, ఒకే ఒక కూర కొండదో, చెరుకు నేలదో పెట్టి చూడండి. దాని కింద ఏ ఊరి పంటో రాయండి. వండటానికి కొత్త మాస్టరు అక్కర్లేదు, మీ ఇంట్లో అమ్మనో, అత్తనో అడిగితే చాలు.

కమిషనర్ గారూ, నవంబరు రాగానే లంబసింగి బళ్ళు మొదలవుతాయి. అంతకుముందే కమిటీ సభ్యుల పేర్లు బోర్డు మీదికి రావాలి, బండ్లు ఎక్కువగా నిలబడే మూడు చోట్ల కుళాయిలు పెట్టాలి, సచివాలయంలో వారం రోజుల శిబిరం జరగాలి. ఈ మూడూ అయ్యాక ఆర్చి కట్టండి, మేమే వచ్చి రిబ్బను కట్టిస్తాం. అవి కాకుండానే ఆర్చి లేస్తే, దాని కింద ఎవరు మిగిలారో, ఎవరు పోయారో పేరు పేరునా అడగడానికి మళ్ళీ ఉత్తరం రాస్తాను.

ఇట్లు,
నర్సీపట్నం పౌరుడొకడు